కుర్చీ ఖాళీ అయ్యేలోగా ఫైలు కదలాలి

చి.సౌ. మేనకోడలికి,

బరంపురం నుంచి మావయ్య దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

నీ ఉత్తరం అందింది. వీసీ పదవీకాలం ముగిసే రోజులు దగ్గరపడితే తెలుగు కోర్సు ప్రతిపాదన ఇప్పుడే పెట్టాలా, కొత్తాయన వచ్చేదాకా ఆగాలా అని అడిగావు. నీ ప్రమోషన్ సంగతి, మీ శాఖలో థీసిస్ ఇవ్వబోయే అమ్మాయి సంగతి కూడా అడిగావు. మూడింటికీ జవాబు ఒక్కటే: ఆగవద్దు. ఢిల్లీలో ఎవరి పేరు ఖరారవుతుందో మనకు తెలియదు, మన చేతుల్లోనూ లేదు. ఆ పేరు వచ్చేలోపు గడిచే నెలలే యూనివర్సిటీని ఎక్కువ దెబ్బతీస్తాయి. ఆ నెలలకు సిద్ధపడటం మాత్రం మన చేతుల్లో ఉంది.

ముందు ఏ నియామకం ఎక్కడ తగులుతుందో తెలుసుకో. మీ కోరాపుట్ యూనివర్సిటీ 2009 నాటి కేంద్ర విశ్వవిద్యాలయాల చట్టం కింద నడిచే సంస్థ. రాష్ట్రపతి దానికి విజిటర్, అంటే అందరికంటే పైన ఉండే అధికారి. ఛాన్సలర్‌ను, వీసీని నియమించేది విజిటరే. అధ్యాపకుల సెలక్షన్ కమిటీలో విజిటర్ ప్రతినిధి ఒకరు కూర్చుంటారు. డబ్బిచ్చే యూజీసీకి ఛైర్మన్‌నూ సభ్యులనూ 1956 చట్టం ప్రకారం కేంద్రమే వేస్తుంది. ఉత్తర్వు రాష్ట్రపతి పేరు మీద వచ్చినా ఫైలు నడిచేది కేంద్ర విద్యాశాఖలో. మన బరంపురంలో పుట్టిన వి.వి.గిరి గారు 1969 నుంచి 1974 దాకా రాష్ట్రపతిగా ఉన్నారు. ఆ హోదాలోనే ఆయన కాశీ, అలీగఢ్, ఢిల్లీ, శాంతినికేతన్ యూనివర్సిటీలకు విజిటర్ కూడా. ఆ సంగతి మన ఊళ్ళో చాలామందికి తట్టదు.

ఇక వీసీ నియామకం. దీన్ని తేదీలతో సహా కాగితం మీద రాసుకో. పదవీకాలం 5 ఏళ్ళు, లేదా 70 ఏళ్ళ వయసు నిండేదాకా, ఏది ముందైతే అది. మీ చట్టంలో రెండోసారి నియామకం లేదు. కాబట్టి ఇప్పుడున్నాయనే మళ్ళీ వస్తారని ఎవరైనా చెబితే పట్టించుకోకు. పేర్లు ఎంపిక చేసే కమిటీలో అయిదుగురుంటారు. ముగ్గురిని మీ ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్, అంటే పాలక మండలి అయిన ఈసీ, సూచిస్తుంది. ఇద్దరిని విజిటర్ వేస్తారు, వారిలో ఒకరు కన్వీనర్. ఈ అయిదుగురిలో యూనివర్సిటీ ఉద్యోగి గానీ, ఈసీ సభ్యుడు గానీ, చదువుల వ్యవహారాలు చూసే అకడమిక్ కౌన్సిల్ సభ్యుడు గానీ ఉండకూడదు. కమిటీ కనీసం మూడు పేర్లు పంపాలి. విజిటర్ వాటిలో ఒకరిని ఎంచుకుంటారు, ఎవరూ నచ్చకపోతే కొత్త జాబితా అడగవచ్చు.

ఇందులో మొదటి మెట్టు ఢిల్లీలో లేదు, మీ ఊళ్ళోనే ఉంది. ఈసీ సమావేశమై ముగ్గురి పేర్లు పంపకపోతే కమిటీయే పుట్టదు. ఈసీలోనే ఖాళీలుండి కోరం కుదరకపోతే ఇక్కడ ఆగింది అక్కడా ఆగుతుంది. అందుకని వెబ్‌సైట్‌లో ఈసీ మినిట్స్, అంటే సమావేశాల నిర్ణయాలు రాసిన కాగితాలు, తెరిచి, ఆ అంశం ఎప్పుడు ఆమోదించారో చూడు. ఆ తర్వాత ప్రకటన పడాలి, దరఖాస్తులు రావాలి, వడపోత, ముఖాముఖి, విద్యాశాఖ పరిశీలన, చివరికి విజిటర్ సంతకం. పదవీకాలం ముగియడానికి ఆరు నెలల ముందు ప్రకటన కనిపించకపోతే ఖాళీ తప్పదనే లెక్కలో నీ పనులు సర్దుకో.

గడువు ముగిసినా కొత్తాయన వచ్చేదాకా పాతాయనే కొనసాగడానికి చట్టంలో వీలుంది. అలా కొనసాగమని విజిటర్ చెప్పగలిగేది మొత్తం మీద ఏడాదికి మించదు. రాజీనామా వల్లనో, మరో కారణం వల్లనో కుర్చీ ఖాళీ అయితే ప్రో వీసీ పని చూస్తారు. ప్రో వీసీ లేకపోతే అందరికంటే సీనియర్ ప్రొఫెసర్. ఇన్‌ఛార్జి వీసీ సంతకానికి చట్టబద్ధత తక్కువేమీ కాదు. ఆయన సంతకం చేసిన డిగ్రీ పట్టా చెల్లుతుందా అని రాయగడ నుంచీ గుణుపురం నుంచీ తల్లిదండ్రులు అడుగుతుంటారు. చెల్లుతుంది, భయపడవద్దని చెప్పు.

అయితే పని తీరు మారుతుంది. ఇన్‌ఛార్జి ఉన్న కాలంలో జీతాల బిల్లులు, పరీక్షలు, సెలవులు నడుస్తాయి. కొత్త కోర్సు, నియామకం, ఒప్పందం, పెద్ద కొనుగోలు నడవవు. చట్టం ఆపుతుందని కాదు. రేపు వచ్చేవారు తిరగదోడతారేమో, ఆడిట్ అభ్యంతరం రాస్తుందేమో అన్న భయం ఆపుతుంది. నోట్‌షీట్ మీద "కొత్త వీసీ గారి దృష్టికి తేవచ్చు" అన్న ఒక్క వాక్యం పడిందంటే ఆ ఫైలు ఏడాది నిద్రపోయినట్టే. ఆ వాక్యం పడకుండా చూసుకోవడమే నీ పని.

తెలుగు కోర్సు విషయంలో నీ ముసాయిదా చూశాను. మొదటి పేజీలోనే "తెలుగు శాఖ ఏర్పాటు" అని రాశావు. అది తీసెయ్. శాఖ పెట్టాలన్నా తీసెయ్యాలన్నా స్టాట్యూట్, అంటే చట్టం కింద ఉన్న యూనివర్సిటీ నియమావళి, మారాలి, స్టాట్యూట్ మారాలంటే విజిటర్ ఆమోదం కావాలి. ఆయన ఆమోదించవచ్చు, తిప్పి పంపవచ్చు, నిరాకరించవచ్చు. దానికి తోడు కొత్త పోస్టులకు యూజీసీ మంజూరు. అంటే ఒక చిన్న కోర్సును నువ్వే మోసుకెళ్ళి రెండు ఢిల్లీ గుమ్మాల ముందు నిలబెట్టినట్టు. శాఖ మనకు కావలసిందే, సరిహద్దు జిల్లాల తెలుగు పిల్లలకు అది న్యాయమైన కోరిక. కానీ మొదటి అడుగు చిన్నదిగా, మీ ఊళ్ళోనే పూర్తయ్యేదిగా ఉండాలి.

సాయంకాలం సర్టిఫికెట్ కోర్సుగా మొదలుపెట్టు. ఉన్న భాషా విభాగంలోనే, ఉన్న గదుల్లోనే, కొత్త పోస్టు అడగకుండా. 20 క్రెడిట్లు చాలు. ఒక క్రెడిట్‌కు 15 గంటల బోధన, అంటే 300 గంటలు. వారానికి 5 రోజులు, రోజుకు 2 గంటలు చెబితే 15 వారాల సెమిస్టర్లు రెండింటిలో అయిపోతుంది. ప్రతిపాదనలో సీట్లెన్ని, ఫీజెంత, గంటకు గెస్ట్ ఫ్యాకల్టీకి ఎంత, ఆ డబ్బు ఫీజుల నుంచే ఎలా వస్తుంది అన్న పట్టిక ఒక పేజీ. "ఈ కోర్సుకు కొత్త పోస్టులు గానీ అదనపు గ్రాంటు గానీ అవసరం లేదు" అన్న వాక్యం విడిగా, మొదటి పేజీలో. ఫైనాన్స్ ఆఫీసర్ కళ్ళు ముందు వెతికేది దాన్నే.

ఆ తర్వాత బోర్డ్ ఆఫ్ స్టడీస్, స్కూల్ బోర్డ్, అకడమిక్ కౌన్సిల్, ఈసీ. ఈ వరసలో ఏ మెట్టూ దాటేయకు. త్వరగా అయిపోతుందని అకడమిక్ కౌన్సిల్‌లో టేబుల్ ఐటమ్‌గా పెట్టించమని కొందరు సలహా ఇస్తారు. వద్దు. ముందుగా ఎజెండాలో పంపని అంశం మీద ఏ సభ్యుడైనా రెండు నెలల తర్వాత అభ్యంతరం చెప్పవచ్చు, కొత్త వీసీ ముందు అలాంటి అభ్యంతరానికి బలం ఎక్కువ. సమావేశం తేదీకి మూడు వారాల ముందే రిజిస్ట్రార్ ఆఫీసుకు కాగితాలు చేర్చి ఎజెండాలో అంశం నంబరు వేయించుకో.

వీసీకి అత్యవసర అధికారం ఒకటుంది. ఈసీ, అకడమిక్ కౌన్సిల్ లాంటి ఏ సంఘం చేయాల్సిన పనైనా తక్షణం కావాలనుకుంటే తానే చేసి, తర్వాతి సమావేశంలో ఆ సంఘానికి నివేదించవచ్చు. సంఘం ఒప్పుకోకపోతే వ్యవహారం విజిటర్ దగ్గరికి వెళుతుంది. ప్రవేశాల గడువు, కోర్టు గడువు లాంటివాటికి ఆ దారి. కోర్సు పెట్టడానికి ఆ దారిన వెళితే నీ పునాదిలో నువ్వే ఇసుక పోసుకున్నట్టు.

అసలు తిప్పలు సమావేశం అయిపోయాక మొదలవుతాయి. అందరూ తలూపారు, టీ తాగారు, ఎవరి దారిన వారు వెళ్ళారు. మినిట్స్ టైపై, వీసీ సంతకం పడి, సభ్యులకు చేరేదాకా అది నోటిమాటే. ఈలోగా వీసీ వెళ్ళిపోతే ఆయన అధ్యక్షత వహించిన సమావేశం మినిట్స్ మీద మరొకరు సంతకం పెట్టడానికి వెనకాడతారు. అందుకని వారం లోపల మినిట్స్ బయటికి వచ్చేలా సెక్షన్‌లో గుర్తుచెయ్యి. రాగానే నీ అంశం వరకు రిజిస్ట్రార్ ధ్రువీకరించిన నకలు తీసుకుని ఫైల్లో పెట్టు. ఈసీ ఆమోదం తర్వాత నోటిఫికేషన్ నంబరు పడాలి. ఆ నంబరు పడిన కోర్సును కొత్తవారు ఆపాలంటే కారణం రాసి ఆపాలి. నంబరు లేని కోర్సును ఊరికే పక్కన పెట్టేస్తారు.

నీ ప్రమోషన్‌కు ఈ గొడవతో ఉన్న ముడి నువ్వనుకున్నంత లేదు. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ ఉన్న అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు లెవెల్ 10 నుంచి 11కు 4 ఏళ్ళ సర్వీసు చాలు. 21 రోజుల ఓరియంటేషన్ కోర్సు నువ్వు చేశావు. ఈ మెట్టులో ఉండేది స్క్రీనింగ్ కమిటీ: వీసీ లేదా ఆయన ప్రతినిధి, డీన్, హెడ్, ఒక విషయ నిపుణుడు. విజిటర్ ప్రతినిధి అక్కర్లేదు. నిపుణుడిని వీసీ ఎంచుకోవాల్సింది యూనివర్సిటీ నిపుణుల జాబితా నుంచి. ఆ జాబితా గడువు చెల్లిందా లేదా అన్నది మాత్రం ఇప్పుడే కనుక్కో. చాలా చోట్ల ప్రమోషన్లు ఆగేది అక్కడే.

అర్హత తేదీకి మూడు నెలల ముందు నుంచే దరఖాస్తు ఇవ్వవచ్చు. ఆ వీలును వాడుకో. అర్హత నిండగానే దరఖాస్తు చేసి, తర్వాత ఎప్పుడు కమిటీ కూర్చుని ఒప్పుకున్నా, ప్రమోషన్ అర్హత తేదీ నుంచే వర్తిస్తుంది. కుర్చీ ఖాళీగా ఉంది కదా అని దరఖాస్తు ఆలస్యం చేస్తే ఆ రక్షణ నువ్వే పోగొట్టుకుంటావు. దరఖాస్తు రెండు కాపీలు తీసుకెళ్ళు. రెండో కాపీ మీద డైరీ నంబరు, తేదీ, గుండ్రటి స్టాంపు వేయించుకుని ఇంట్లో పెట్టుకో. ఈమెయిల్ పంపాను కదా అనుకోకు.

కొత్త నియామకాల దగ్గరే ఢిల్లీ చెయ్యి నేరుగా తగులుతుంది. మీ శాఖలో ఖాళీలు నింపాలనుకుంటే కింది సంగతులు మీ హెడ్ గారికి చెప్పు. సెలక్షన్ కమిటీ తేదీని విజిటర్ ప్రతినిధి, బయటి నిపుణుల వీలును బట్టే పెట్టాలి. విజిటర్ ప్రతినిధి పేరే ఇంకా రాకపోతే తేదీయే లేదు. పేరు వచ్చినా వారు ఢిల్లీ నుంచి విశాఖలో దిగి, సాలూరు ఘాట్ ఎక్కి దాదాపు 200 కిలోమీటర్లు రావాలి. శ్రావణ భాద్రపదాల్లో ఆ దారీ నమ్మకం లేదు, అరకు రైలు మార్గమూ నమ్మకం లేదు. కార్తీకం తర్వాత తేదీలే అడగండి. ఇంటర్వ్యూ ముగిశాక కమిటీ సిఫార్సు కాగితాన్ని ఖాకీ కవరులో పెట్టి, అతికించిన అంచు మీద సభ్యులు అడ్డంగా సంతకాలు చేస్తారు, దాని మీద పారదర్శక టేపు అంటిస్తారు. ఆ కవరు రిజిస్ట్రార్ బీరువాలోకి వెళుతుంది. తెరిచేది ఈసీ సమావేశంలోనే. ఈసీ జరగకపోతే ఆ కవరు అలాగే ఉంటుంది. లోపల పేరున్న మనిషి మరో ఊళ్ళో తాత్కాలిక ఉద్యోగం చేసుకుంటూ, రోజూ ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. అది తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. అందుకే ఇంటర్వ్యూ తేదీ పెట్టేముందు ఈసీ తేదీ ఖరారు చేయించాలి, తలకిందులుగా కాదు. సిఫార్సు నచ్చకపోతే ఈసీ దాన్ని కొట్టేయడానికి వీల్లేదు, కారణాలు రాసి విజిటర్ తుది నిర్ణయానికి పంపాలి.

రోస్టర్, అంటే ఏ పోస్టు ఏ రిజర్వేషన్‌కు పోతుందో చూపే పట్టిక, కూడా చూడండి. 2019 చట్టం వచ్చాక రిజర్వేషన్‌కు యూనిట్ మొత్తం యూనివర్సిటీ, శాఖ కాదు. పాత పద్ధతిలో శాఖలవారీగా వేసిన రోస్టర్‌తో ప్రకటన ఇస్తే కోర్టులో నిలవదు. కొత్త వీసీకి ఆ ప్రకటన రద్దు చేయడం అన్నిటికంటే సులువైన పని.

థీసిస్ ఇచ్చే అమ్మాయికి చెప్పవలసింది తక్కువే. సమర్పించిన నాటి నుంచి వైవా ఫలితం దాకా అంతా 6 నెలల్లో పూర్తి చేయాలని యూజీసీ పీహెచ్‌డీ నిబంధన ఉంది. పరీక్షకుల ఎంపిక వీసీ టేబుల్ మీద జరుగుతుంది కాబట్టి, గైడ్ ఇచ్చే పేర్ల జాబితా థీసిస్‌తో పాటే, అదే రోజు వెళ్ళాలి. బయటి పరీక్షకులు ఇద్దరు కావాలి. ముందే వారి వీలు కనుక్కుని, ఫోన్ నంబర్లు సరిచూసి ఇవ్వండి. ఆలస్యమైతే విద్యార్థి ఫిర్యాదుల కమిటీకి రాయమను. 2023 నిబంధనల ప్రకారం ఆ కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. తృప్తి కలగకపోతే మరో 15 రోజుల్లోగా అప్పీలు వినే అంబుడ్స్‌పర్సన్ దగ్గరికి వెళ్ళవచ్చు.

తమ్ముడు చదివే భంజవిహార్‌ది, అంటే బరంపురం యూనివర్సిటీది, వేరే దారి. అది 1967 నాటిది, రాష్ట్ర చట్టం కింద నడుస్తుంది, గవర్నర్ ఛాన్సలర్. గవర్నర్‌ను రాజ్యాంగం 155వ అధికరణం కింద నియమించేది రాష్ట్రపతి. అంటే అక్కడా కేంద్ర నియామకం ఒక మలుపు తిరిగి వస్తుంది. 2025 జనవరి నుంచి ఒడిశా గవర్నర్‌గా ఉన్న కంభంపాటి హరిబాబు గారు ఆంధ్రా యూనివర్సిటీలో పాఠాలు చెప్పినవారు, తెలుగువారు. మనవాళ్ళు సంతోషించారు, నాకూ సంతోషమే. కానీ తెలుగు గవర్నర్ కదా అని అర్జీ పట్టుకుని భువనేశ్వర్ వెళ్ళడం పద్ధతి కాదని తమ్ముడికి చెప్పు. మన పని యూనివర్సిటీ గుమ్మంలోనే సక్రమంగా పెట్టుకోవాలి. సిరొంచ వైపు మన పిల్లలు చదివే గడ్చిరోలి గోండ్వానా యూనివర్సిటీలోనూ ఇదే ఏర్పాటు, ఛాన్సలర్ మహారాష్ట్ర గవర్నర్.

రాష్ట్ర యూనివర్సిటీల్లో చిక్కు కేంద్రం వేసిన గవర్నర్‌కూ రాష్ట్ర ప్రభుత్వానికీ మధ్య పడుతుంది. ఒడిశాలో 2020లో చట్టం సవరించి సెనేట్ తీసేశారు, అధ్యాపకుల ఎంపికను రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కు ఇచ్చారు. 2022లో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, దాంతో అధ్యాపకుల భర్తీ ఆగింది. బెంగాల్‌లో వీసీల పేచీ తెగక 2024లో సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి అధ్యక్షతన కమిటీ వేయాల్సి వచ్చింది. గుజరాత్‌లో సర్దార్ పటేల్ యూనివర్సిటీ వీసీ నియామకాన్ని 2022లో కొట్టేశారు, ప్రొఫెసర్‌గా 10 ఏళ్ళ అనుభవం లేదన్నది ప్రధాన కారణం. అదే ఏడు కేరళలో సాంకేతిక విశ్వవిద్యాలయం వీసీ నియామకం పోయింది, కమిటీ ఒకే పేరు పంపినందుకు. 2023లో కన్నూర్‌ది పోయింది, నిర్ణయం ఛాన్సలర్‌ది కాకుండా ప్రభుత్వ ఒత్తిడితో జరిగిందని. మూడూ పద్ధతి తప్పిన కేసులే. అందుకే కొత్త వీసీ పేరు రాగానే ఊరూ పార్టీ వెతక్కుండా, ప్యానెల్‌లో ఎన్ని పేర్లున్నాయి, 10 ఏళ్ళ అనుభవం ఉందా అన్నవి చూడు. పద్ధతి సరిగా లేని నియామకం ఎప్పుడు కూలుతుందో తెలియదు, అలాంటి చోట పెద్ద పనులు పెట్టుకునేముందు రెండుసార్లు ఆలోచించాలి.

2025 జనవరిలో యూజీసీ ఇచ్చిన ముసాయిదాలో పరిశ్రమల నుంచీ పరిపాలన నుంచీ కూడా వీసీలు కావచ్చని ఉంది. వాట్సాప్‌లో దాన్ని చట్టంలా తిప్పుతున్నారు. గెజెట్‌లో తుది ప్రకటన చూడనిదే ముసాయిదా మీద ఆధారపడి ఏ ఫైల్లోనూ ఒక్క ముక్క రాయకు.

కొత్తాయన వచ్చాక మొదటి వారం పూలగుత్తుల వాళ్ళకు వదిలెయ్. మూడో వారంలో మీ హెడ్ ద్వారా ఒక్క పేజీ నోట్ పంపు: కోర్సు పేరు, నాలుగు సంఘాల ఆమోదం తేదీలు, నోటిఫికేషన్ నంబరు, చేరిన పిల్లలెందరు, ఆయన నుంచి కావలసిన ఒక్క పని. పాతాయన గొప్ప గానీ తప్పు గానీ అందులో ఉండకూడదు. కోఆర్డినేటర్ పదవులు వీసీ ఇష్టం మీద ఉండేవి, అవి మారతాయి. నీది మారితే బాధపడకుండా ఫైళ్ళన్నీ జాబితా రాసి అప్పగించి, రసీదు తీసుకో.

తేదీలు తెలియకపోతే ముందు రిజిస్ట్రార్‌కే ఉత్తరం రాయి. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు. మీది కేంద్ర సంస్థ, ఆన్‌లైన్‌లోనే 10 రూపాయలతో అయిపోతుంది, 30 రోజుల్లో జవాబు రావాలి. తమ్ముడు బరంపురం యూనివర్సిటీకి పెట్టాలంటే ఒడిశా నియమాల ప్రకారం ఫారం-ఏ నింపాలి. "ఎందుకు ఆలస్యం చేశారు" అని అడిగితే అది సమాచారం కాదని తిప్పికొడతారు. "ఫలానా అంశం మీద ఈసీ తీర్మానం నంబరు, తేదీ, నోట్‌షీట్ నకలు ఇవ్వగలరు" అని అడుగు.

నీ ముసాయిదా వెనక్కి పంపుతున్నాను, ఎర్ర సిరాతో దిద్దిన చోట్ల మార్చు. ఫీజు పట్టికలో గెస్ట్ ఫ్యాకల్టీ గంటలు 240 అని వేశావు, 300 కావాలి. దాంతో మొత్తం మారుతుంది, మళ్ళీ లెక్క కట్టు. బోర్డ్ ఆఫ్ స్టడీస్ తేదీ తెలియగానే ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
మావయ్య